నోబుల్ దొరగారు

మచిలీబందరు నోబుల్ కళాశాల పేరు వినని విద్యార్థి కృష్ణా మండలమున అరుదు. కాని అది ఒక మనుష్యుని ఇంటిపేరని ఎఱిగినవారు కొందఱే. ఆంగ్లభాషలో ఆ పదమునకు ఉదాత్తమైనది అను అర్థము గలదు గనుక, విద్యాలయమునకు గౌరవార్థము అట్టి పేరు పెట్టిరని తలంచువారును గలరు. ఆ పేరుగల మనుష్యుడు సముద్రములు దాటి వచ్చి, 24 సంవత్సరములు తెలుగువారి నడుమ కాపురముండి, ఒక్కమారైనను స్వదేశమును మరల చూడక బందరులోనే కన్నుమూసెను. పరాయిదేశమున, పరాయి ఆచారముల మధ్య దినదినము బ్రతుకుట యన నేమో, అందులో ఎంతవఱకు లోబడవలెనో, ఎచ్చట నిలువవలెనో తెలిసికొనగోరువారికి ఆయన చరిత్రము మిగుల ఉపయోగకరము. అందలి గెలుపులును తప్పులును రెండును మనకు పాఠములే.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు 1809వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు లీస్టరు మండలములోని ఫ్రిస్బీ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి ఆ గ్రామ దేవాలయమునకు గురువు. నోబుల్ గారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చేరిన సిడ్నీ ససెక్సు కళాశాలలో విద్య నభ్యసించెను. అంతటి విద్య గలవానికి స్వదేశమున మంచి యుద్యోగము దొరకుట కష్టము కాదు. అయినను ఆయన మనస్సు వేఱొక మార్గమును ఎంచుకొనెను.

ఆ కాలమున మన దేశమును తూర్పు ఇండియా కంపెనీవారు పాలించుచుండిరి. బందరులో ఉద్యోగములు చేయుచున్న కొందఱు ఆంగ్లేయులు తెలుగువారికొఱకు బోధకులను పంపుడని చర్చి మిషనరీ సంఘమువారిని కోరి, అందుకు ధనమును గూడ ప్రోగుచేసిరి. ఆ పిలుపు విని ఇద్దఱు ముందుకు వచ్చిరి. ఒకరు నోబుల్ గారు. రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్సు గారు. ఫాక్సు గారు 1817లో జన్మించి, రగ్బీ పాఠశాలలో ప్రసిద్ధుడైన ఆర్నల్డు పండితునియొద్దను, పిమ్మట ఆక్సుఫర్డులోను చదివిన యువకుడు. ఆయన అప్పుడే వివాహము చేసికొనియుండెను. భార్య పేరు ఎలిజబెత్తు. నోబుల్ గారు బ్రహ్మచారి. ఈ మువ్వురును 1841లో ఓడయెక్కిరి. సూయజు కాలువ త్రవ్వబడినది 1869 నాటికి గనుక, ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసియుండెను. ఆ సంవత్సరము జూలై నెలలో వారు చెన్నపట్టణము చేరిరి. అచ్చటినుండి బందరునకు రైలు లేని దినములవి. కొలది మాసములలో వారు బందరున అడుగుపెట్టిరి.

నేటి కృష్ణా డెల్టాను చూచినవారు నాటి బందరును ఊహింపజాలరు. ఆంగ్లేయులు ఆ రేవున వర్తకము మొదలుపెట్టినది 1611లో. ఒకప్పుడు బందరు కలంకారీ వస్త్రములు దూరదేశములకు ఎగుమతియగుచుండెను. నోబుల్ గారు వచ్చునాటికి ఆ వైభవము తఱిగియుండెను. ఊరిచుట్టును ఇసుకయు, ఉప్పుపఱ్ఱలును, బురదయు నుండెను. బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట ఇంకను లేదు. అది 1852లో మొదలై 1855లో పూర్తియైనది. 1832–33 సంవత్సరముల ఘోరమైన కరవు ప్రజల మనస్సులనుండి ఇంకను తొలగలేదు. వర్షము కురిసిన పంట, కురియనిచో ఆకలి. అట్టి నేలకు ఈ ముగ్గురు పరదేశులు వచ్చిరి.

మొదట వారిని పరీక్షించినది ఎండ. చలిదేశమునకు తగిన ఉన్నిబట్టలు ఇచ్చట శిక్షవలె నుండును. ఆ కాలపు ఆంగ్లేయులు వాకిళ్లకు వట్టివేళ్ల తడికలు కట్టించి, వానిపై నీరు చల్లించి, పైన పంకా లాగించి ఎండకాలమును గడుపుచుండిరి. తరువాత వారిని తికమక పెట్టినవి ఇంటి పనులు. ఇంగ్లండులో ఒక దాసి వంట చేసి, పాత్రలు కడిగి, ఇల్లు ఊడ్చి, నీళ్లు తెచ్చును. ఇచ్చట వంట చేయువాడు ఊడ్వడు. ఊడ్చువాడు నీళ్లకుండ తాకరాదు. బట్టలుతుకువాడు వేఱు, గుఱ్ఱమును చూచువాడు వేఱు. అది సోమరితనమని క్రొత్తగా వచ్చిన దొరలు తొందరపడి తలంచుచుండిరి. అది సోమరితనము కాదనియు, దాని వెనుక కులకట్టుబాటు అను పెద్ద కోట గలదనియు తెలియుటకు కొంత కాలము పట్టును.

చదువరులారా, ఇదే సంగతిని ఇవతలి వైపునుండియు చూడవలెను. తెలుగువాని కంటికి దొరల ఇల్లు ఎట్లుండెను? వారు చెప్పులు విడువక ఇంటిలో తిరుగుదురు. చేతులకు మాఱుగా కత్తులతోను ముండ్లచెంచాలతోను తిందురు. మన పెద్దలు కంటితో చూడనొల్లని మాంసమును బల్లపై పెట్టుకొందురు. భార్యాభర్తలు ప్రక్కప్రక్కన వీథిలో నడతురు. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొందురు. మన ఇల్లాండ్రు భర్త పేరు పలుకుటయే తప్పని యెంచిన దినములవి. దొర మన యింటికి వచ్చినచో పిల్లలెందఱో, అమ్మాయికి పెండ్లి అయినదో లేదో అడుగడు. అది అతని దేశమున మర్యాద. మనకది నిరాదరము. మనవాడు వాని నడిగినచో అతనికది చనవు మీఱుటగా తోచును. ఆంగ్లేయుడు కృతజ్ఞతావచనమును దినమునకు పదిమార్లు పలుకును. తెలుగువాడు మేలును మనస్సున నుంచుకొని, సమయము వచ్చినప్పుడు మరల మేలు చేయుటయే మర్యాదయని యెంచును. అతడు సెలవు తీసికొనునప్పుడు పోవుచున్నానని చెప్పును. మన యింట ఆ మాట అశుభము, పోయి వచ్చెదనని చెప్పవలెను. ఇట్టి చిన్న చిన్న సంగతులే మనుష్యుల మధ్య గోడలు కట్టును. ఇందులో ఎవ్వరును చెడ్డవారు కారు. ఇరువురును తమ తల్లులు నేర్పిన మర్యాదనే పాటించుచున్నారు.

నోబుల్ గారు పాఠశాల పెట్టుటకు తొందరపడలేదు. రెండేండ్లు తెలుగు నేర్చుకొనుటయందు గడపెను. ముప్పది దాటిన వయస్సున ఒత్తులును గుణింతములును దిద్దుట సులభము కాదు. అక్షరములకంటె మర్యాద నేర్చుట మఱింత కష్టము. ఆంగ్లమున రాజునకును సేవకునకును ఒక్కటే సంబోధన. తెలుగున నీవు, మీరు, తమరు అను వానిలో ఒకటి ఎంచుకొనిన పిమ్మటగాని నోరు తెఱవరాదు. ఆంగ్లమున ఒక్క మాటతో పోవు బంధుత్వము మన భాషలో పెదనాన్న, పినతండ్రి, మేనమామ యని వేఱుపడును. వీనికంటె గడ్డు సంగతి ఇంకొకటి గలదు. ఆంగ్లభాషలో మేము అనుటకును మనము అనుటకును ఒక్కటే పదము. ఎదుటివానిని కలుపుకొనినచో మనము, కలుపుకొననిచో మేము అను భేదము వారి భాషలో లేదు. తెలుగు నేర్చు పరదేశి ఈ చోట తడబడుచునే యుండును. ఇది వ్యాకరణ పాఠముగా తోచును గాని, పరదేశమున బ్రతుకువాని కష్టమంతయు ఈ రెండు మాటలలో నిమిడియున్నది. ఎప్పుడు ఎవరితో మనము అనగలడు? అతనిని ఎవరు తమ మనములో చేర్చుకొందురు?

నోబుల్ గారి కథ చెప్పుటకు ముందు ఫాక్సు కుటుంబము సంగతి చెప్పవలెను. ఫాక్సు గారు గ్రామములకు పోయి, గుడారము వేసికొని, సంతలలోను తీర్థములలోను జనులతో మాటలాడుట తన పనిగా పెట్టుకొనెను. ఆ దంపతుల పెద్దకుమారుడు హెన్రీ ఎలియట్ 1841లోనే బందరులో జన్మించెను. అట్టి ఇండ్లలో పిల్లలు దాది మాటలు విని, తల్లిదండ్రులకంటె ముందుగా తెలుగు పలుకుట ఆ కాలమున సామాన్యముగా జరుగుచుండినది. పిల్లలు ఆచారముల గోడను ఎఱుగరు. పెద్దలే దానిని మోయుదురు. అయితే ఈ దేశపు ఎండయు వ్యాధులును ఆ కుటుంబమును విడువలేదు. ఆరోగ్యము కొఱకు వారు కొంతకాలము నీలగిరులకు పోయి వచ్చిరి. 1845లో ఎలిజబెత్తు గారు రోగపీడితయై, స్వదేశమునకు పోవు ప్రయాణము మొదలుపెట్టునప్పుడే మరణించెను. ఫాక్సు గారు తల్లిలేని పిల్లలను ఇంగ్లండులో బంధువులయొద్ద విడిచి, ఒంటరిగా మరల బందరు వచ్చెను. పిల్లలను విడిచి మరల ఓడయెక్కుట ఆ తండ్రి మనస్సునకు ఎంతటి భారమో తల్లిదండ్రులకు చెప్పనక్కఱలేదు. కాని దేహము సహింపలేదు. 1848లో తిరిగి పోయి, ఆ సంవత్సరము అక్టోబరులో 31వ యేట మరణించెను. ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము చందాలు వేసికొని, బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని పోషించిరి. దానికి రగ్బీ–ఫాక్సు ఉపాధ్యాయపదవి యని పేరు. బందరులో పుట్టిన ఆ బాలుడు హెన్రీ ఎలియట్ పెరిగి పెద్దవాడై, తండ్రిని పంపిన చర్చి మిషనరీ సంఘమునకే కార్యదర్శియయ్యెను.

ఇక నోబుల్ గారు. 1843 నవంబరు 21వ తేదీని ఆయన బందరులో ఆంగ్ల పాఠశాలను తెఱచెను. మొదటి దినము వచ్చిన బాలురు ఇద్దఱు. ఇద్దఱు పిల్లలతో తరగతి నడుపుట ఎట్టిదో ఉపాధ్యాయులమైన మేము ఊహింపగలము. తల్లిదండ్రులకు చదువు కావలెను, ఉద్యోగము కావలెను, కాని దొర బడికి పోయిన బిడ్డ మైలపడునేమోయని భయము. బడినుండి వచ్చిన బాలుని స్నానము చేయించి, బట్టలు మార్పించి, అటుపిమ్మటనే వంటింటి గడప దాటనిచ్చుట నాటి సదాచారపు ఇండ్లలో వాడుక. ఒకే దినమున ఆ బాలుడు రెండు దేశములలో బ్రతుకుచుండెను. ఉదయము ఒక దేశము, సాయంకాలము మఱియొక దేశము. నోబుల్ గారు ఓపికతో నడచెను. సంవత్సరములు గడచినకొలది పిల్లల సంఖ్య పెరిగెను. పట్టణములోని గౌరవకుటుంబముల వారు తమ కుమారులను పంపసాగిరి.

ఈ ఓపికలోనే ఆయన చేసిన ఒక ఒప్పుదల గలదు. దానిని దాచి జీవితచరిత్రము వ్రాయుట న్యాయము కాదు. నోబుల్ గారు తన పాఠశాలలో మాల మాదిగల బిడ్డలను చేర్చుకొనలేదు. చేర్చుకొనినచో పై కులములవారు తమ పిల్లలను మాన్పింతురని ఆయనకు తెలియును. తోటి క్రైస్తవులు ఇది ధర్మమా యని ప్రశ్నించిరి. అందుకు ఆయన చెప్పిన సమాధానము, ఇంగ్లండులో భక్తిగల తల్లిదండ్రులైనను తమ పిల్లలను వంటవారితోను నౌకరులతోను కలిపి చదివింపరు గదా యనుట. బాలబాలికలారా, ఈ మాటను నిదానముగా ఆలోచింపుడు. తెలుగువారి ఆచారమునకు లోబడితినని ఆయన తలంచెను. కాని యథార్థముగా చూచినచో, తన దేశపు ధనిక బీద భేదమును ఓడలో వెంట తెచ్చుకొని, దానిని మన కులభేదముతో జత చేసెను. చెప్పులు విడుచుట, సంబోధన మార్చుట, సెలవు తీసికొను మాట నేర్చుట, ఇవి పరుల ఆచారమును గౌరవించుట. ఒక బిడ్డ ముఖముమీద తలుపు మూయుట ఆ కోవలోనిది కాదు. ఎచ్చట లోబడవలెనో ఎచ్చట నిలువవలెనో తెలియుటలో అంతటి భక్తుడును పొరబడెను.

అదే కాలమున బెజవాడ ప్రాంతమున వేఱొక సంగతి జరిగెను. రాఘవాపురము గ్రామమునకు చెందిన పగోలు వెంకయ్య అను మాలపెద్ద, బెజవాడలో నుండిన డార్లింగు దొరగారిని వెదకికొని వచ్చి, 1859లో బాప్తిస్మము పొందెను. అతనికి ఏ ఆంగ్ల పాఠశాలయు చదువు చెప్పలేదు. కాని కృష్ణా మండలమున క్రైస్తవసంఘము వేలకొలదిగా పెరిగినది ఆ త్రోవనే. నోబుల్ గారి బడిలో చోటు దొరకని కులముల బిడ్డలు తరువాతి తరములలో మిషను పాఠశాలలలో చదివి, ఉపాధ్యాయులై, అవే తరగతి గదులలో నిలిచిరి. మూసిన తలుపు ఎల్లకాలము మూసియుండలేదు.

1852లో నోబుల్ గారి పాఠశాలకు పెద్ద పరీక్ష వచ్చెను. మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును క్రైస్తవమతమును స్వీకరింప నిశ్చయించుకొని, ఇండ్లు విడిచి దొరగారి బంగళాకు వచ్చి బాప్తిస్మము పొందిరి. ఊరంతయు కలవరపడెను. పాఠశాల దాదాపుగా శూన్యమయ్యెను. తొమ్మిది సంవత్సరముల శ్రమ ఒక్క దినమున కూలినట్లు తోచెను. బంధువులు వచ్చి వేడుకొనిరి, దుఃఖించిరి. మతమేదైనను, కన్నకొడుకు చేయిజారిపోయెనని యేడ్చు తల్లి కన్నీటిని ఎవ్వరును తేలికగా తలంపరాదు. ఆ నాటి కట్టుబాటున ఆ కుమారుడు ఇక ఆ తల్లి చేతి అన్నము తినుటకు వీలులేదు.

ఇచ్చట ఒక వింత కలదు. ఆ యువకులు సముద్రము దాటలేదు. తాము పుట్టిన ఊరిలోనే, తాము ఆడుకొనిన వీథిలోనే వారు పరదేశులైరి. భాష తమదే, ఎండ తమదే, ఏరు తమదే. కాని మనము అని చెప్పుకొనుటకు వారికి ఇల్లు లేదు. అప్పుడు పరదేశియైన నోబుల్ గారు వారికి తండ్రియయ్యెను. భార్యాబిడ్డలు లేని ఆ బ్రహ్మచారి గృహము వారికి పుట్టినిల్లయ్యెను. నలుగురి నడుమ ఒంటరిగా నుండుట ఎట్టిదో పది సంవత్సరములుగా అనుభవించినవాడు గనుకనే ఆయన వారి బాధను ఎఱుగగలిగెను. ఇద్దఱు బాలురతో మొదలైన పాఠశాలను రెండవమారు ఓపికతో నింపుకొనెను. పిల్లలు మెల్లమెల్లగా మరలి వచ్చిరి. రత్నము గారును భూషణము గారును తరువాత గురువులై తెలుగు సంఘమునకు సేవచేసిరి. ఆ పాఠశాలలోనే చదివిన జాని ఆలీ అను మహమ్మదీయ యువకుడును క్రైస్తవుడై, పిమ్మట కేంబ్రిడ్జికి పోయి పట్టము పొంది, బోధకుడై స్వదేశమునకు తిరిగివచ్చెను. కేంబ్రిడ్జినుండి బందరునకు వచ్చిన గురువు. బందరునుండి కేంబ్రిడ్జికి పోయిన శిష్యుడు. గురువు బందరు ఎండను సహించినట్లే శిష్యుడును ఆ దేశపు చలిని, ఆ భోజనమును, ఆ మర్యాదలను నేర్చుకొనవలసియుండెను గదా.

నోబుల్ గారి కడపటి సంవత్సరములలో బందరునకు ఘోరమైన ఉపద్రవము వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుతుపాను వీచి, సముద్రము ఉప్పెనయై ఊరిమీద పడెను. బందరులోను చుట్టుప్రక్కల గ్రామములలోను సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ నీరు దొర ఇల్లనియు, అగ్రహారమనియు, మాలపల్లియనియు చూడలేదు. మడియును మైలయు ఆ రాత్రి ఒక్క నీటిలో కలిసిపోయెను. శవములు, ఉప్పునీటితో చెడిన బావులు, దిక్కులేని బిడ్డలు, ఇట్టి పట్టణమున నోబుల్ గారు ప్రాణముతో మిగిలెను. తరువాత సంవత్సరము నిండక మునుపే, 1865 అక్టోబరు 17వ తేదీని, 56వ యేట ఆయన బందరులో మృతినొందెను. ఇంగ్లండునుండి బయలుదేరిన దినము మొదలు స్వదేశమును మరల చూడలేదు. ఆయన పాఠశాల పెరిగి నోబుల్ కళాశాలయై ఆయన పేరును నేటికిని నిలుపుచున్నది.

ఈ చరిత్రమునుండి మనము నేర్చుకొనదగిన దేమి? నేడు పరదేశవాసము దొరలకు మాత్రమే చెందిన సంగతి కాదు. కృష్ణాతీరపు కుటుంబములు అమెరికాలోను, గల్ఫు దేశములలోను, ఆస్ట్రేలియాలోను కాపురము చేయుచున్నవి. మన రాష్ట్రమున పెనుకొండయొద్ద కొరియా దేశస్థుల కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటినుండి ఆ దేశపు కుటుంబములు రాయలసీమకు వచ్చి నివసించుచున్నవి. వారును మనవలెనే గడపయొద్ద చెప్పులు విడుతురు. అన్నమే వారికిని ఆహారము. పెద్దలతో మాటలాడునప్పుడు వారి భాషయు మన భాషవలెనే మర్యాదను మార్చుకొనును. అయినను వారి వంటకముల వాసన మనకు క్రొత్త, మన కారము వారికి క్రొత్త. పెద్ద పోలికలు కంటికి కనబడవు. చిన్న భేదములే ముందు కనబడును. రెండువందల సంవత్సరములైనను మనుష్యుల స్వభావము ఇంతే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు రేపు ఏ దేశమునకు పోవుదురో మీకు తెలియదు. మీ తరగతిలోనికి, మీ వీథిలోనికి ఎవరు వత్తురో అదియు తెలియదు. క్రొత్తగా వచ్చినవాడు తప్పుగా సెలవు తీసికొనినను, తప్పుగా సంబోధించినను నవ్వకుడు. వాడు తన తల్లి నేర్పిన మర్యాదనే పాటించుచున్నాడు. బాలబాలికలారా, మీరు పరదేశమునకు పోయినచో అచ్చటి మర్యాదలను వినయముతో నేర్చుకొనుడు. కాని ఏ ఆచారమైనను ఒక మనుష్యుని బయట నిలువబెట్టుమని కోరినచో, దానికి మాత్రము లోబడకుడు. నోబుల్ గారు రెండేండ్లలో తెలుగు నేర్చెను. మనము అను మాట యొక్క పూర్తి యర్థము నేర్చుటకు ఆయన జీవితమంతయు పట్టెను. అప్పటికిని ఆ పాఠము కొంత మిగిలియే యుండెను. ఆ మిగిలిన పాఠమును పూర్తిచేయుట ఆయన పెట్టిన బడులవంటి బడులలో చదువుకొనిన మనందఱి పని.